బాడెలియైట్: గుణాలు, గుర్తింపు, లభ్యత గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బాడెలియైట్ అంటే ఏమిటి?

ప్రకృతిలో తనంతట తాను స్ఫటికంగా ఏర్పడే జిర్కోనియం డయాక్సైడ్‌నే బాడెలియైట్ అంటారు. ఒక జిర్కోనియం పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువులు చొప్పున ఉండే ఈ ఖనిజంలో, పూర్తిగా శుద్ధంగా ఉంటే, బరువులో దాదాపు 74 శాతం జిర్కోనియమే. ప్రకృతిలో అంత శుద్ధంగా దొరకదు. జిర్కోనియం ఉన్న చోటల్లా నీడలా వెంట వచ్చే హాఫ్నియం ఇందులోనూ సాధారణంగా ఒకటి రెండు శాతం ఉంటుంది. కొద్దిగా టైటానియం, ఇనుము, నియోబియం, అత్యల్పంగా యురేనియం కూడా చేరతాయి. ఆ అత్యల్పమైన యురేనియమే ఈ ఖనిజానికి భూవిజ్ఞాన శాస్త్రంలో ఇంత పేరు తెచ్చింది. దాని సంగతి కింద వివరంగా ఉంది.

ఈ పేరు ఎలా వచ్చింది?

శ్రీలంకలో రత్నపుర ప్రాంతపు రక్వానా దగ్గర రత్నాల కంకరలో దొరికిన కొన్ని బరువైన గులకలను జోసెఫ్ బాడెలీ అనే ఆయన ఇంగ్లండుకు పంపించాడు. బ్రిటిష్ మ్యూజియంలో ఖనిజ విభాగాన్ని చూస్తున్న లాజరస్ ఫ్లెచర్ వాటిని పరీక్షించి, అందులో కొత్త ఖనిజం ఉందని తేల్చి, 1893లో దానికి బాడెలీ పేరు పెట్టాడు. విచిత్రం ఏమిటంటే దాదాపు అదే సమయంలో, 1892లో, బ్రెజిల్‌లో యూజెన్ హుస్సాక్ ఇదే ఖనిజాన్ని వేరే శిలలో చూసి 'బ్రెజిలైట్' అని పిలిచాడు. అయితే దాన్ని ఆయన మొదట టాంటలం, నియోబియం కలిసిన ఖనిజమని పొరబడ్డాడు. రసాయన విశ్లేషణ తరువాత రెండూ ఒకటేనని తెలిసింది, శ్రీలంక నమూనాకు పెట్టిన పేరే నిలిచింది. ఇంత విలక్షణమైన ఖనిజాన్ని కూడా కంటితో చూసి పొరబడటం ఎంత సులభమో తొలి రోజుల ఈ కథే చెబుతుంది.

జిర్కోనియం మరీ అరుదైన మూలకం కాదు కదా, మరి ఈ ఖనిజం ఎందుకు అరుదు?

ఇది సరైన ప్రశ్న. బాడెలియైట్ గురించి మిగతావన్నీ దీని జవాబులోంచే వస్తాయి. భూపటలంలో జిర్కోనియం పది లక్షల భాగాలకు 150 భాగాలకు పైగానే ఉంటుంది, అంటే రాగి కంటే ఎక్కువ. కానీ భూపటలంలో అంతకంటే వేల రెట్లు ఎక్కువగా ఉన్నది సిలికా. కరిగిన శిలాద్రవంలో జిర్కోనియానికి తగినంత సిలికా అందుబాటులో ఉంటే అది ఆక్సైడుగా మిగలదు, సిలికాతో కలిసి జిర్కాన్ అవుతుంది. గ్రానైటులోనూ, గ్రానైటు అరిగి వచ్చిన ఇసుకలోనూ జిర్కాన్ సర్వసాధారణంగా కనిపించడానికి కారణం ఇదే.

కాబట్టి బాడెలియైట్ ఏర్పడాలంటే జిర్కోనియం ఉంటే చాలదు, సిలికా కరువై ఉండాలి. అటువంటి శిలలు తక్కువ. కార్బొనటైట్లు, అంటే సిలికాకు బదులు కార్బొనేటు ప్రధానంగా ఉన్న అగ్నిశిలలు, వాటితో కలిసి వచ్చే మాగ్నటైట్–అపటైట్–ఆలివిన్ శిలలు, కింబర్లైట్లు, కొన్ని సైనైట్లు, గాబ్రోలు, డోలరైట్లు ఈ కోవలోకి వస్తాయి. స్వేచ్ఛగా ఉన్న క్వార్ట్‌జ్, బాడెలియైట్ సమతాస్థితిలో పక్కపక్కన నిలవలేవు, ఉంటే రెండూ కలిసి జిర్కాన్‌గా మారాలి. ఒకవేళ ఒకే రాతిలో రెండూ కనిపిస్తే, బాడెలియైట్ ముందే ఏర్పడి మరో ఖనిజం లోపల చిక్కుకుపోయి సిలికాకు అందకుండా ఉండిపోయిందని అర్థం చేసుకోవాలి. డోలరైట్లలో తరచుగా జరిగేది ఇదే.

చూడటానికి ఎలా ఉంటుంది? భౌతిక గుణాలు ఏమిటి?

రంగును నమ్ముకుంటే మోసపోతాం. రంగులేనిదిగా, పసుపుగా, ఆకుపచ్చగా, ఎర్రటి గోధుమ రంగులో, ముదురు గోధుమలో, చివరికి నల్లగా కూడా ఉంటుంది. పెద్ద స్ఫటికాల్లో గోధుమ, నలుపు రంగులే ఎక్కువ. పింగాణీ పలక మీద గీస్తే పడే చారిక మాత్రం తెల్లగానో, లేత గోధుమ ఛాయతోనో ఉంటుంది. నల్లని ఖనిజానికి ఇంత లేత చారిక రావడం గమనించవలసిన విషయం. మెరుపు జిడ్డుగానో, గాజులానో, ఒక్కోసారి వజ్రపు మెరుపుకు దగ్గరగానో ఉంటుంది. నల్లని స్ఫటికాల్లో లోహపు ఛాయ కూడా తోస్తుంది.

కాఠిన్యం మోస్ కొలతలో 6.5. చాకుతో గీయలేము, క్వార్ట్‌జ్‌తో గీత పడుతుంది. సాపేక్ష సాంద్రత 5.4 నుంచి 6 వరకు ఉంటుంది. చేతిలోకి తీసుకున్న చిన్న ముక్క కూడా తన పరిమాణానికి మించిన బరువుతో తగులుతుంది. ఒక దిశలో చక్కగా చీలుతుంది, తక్కిన దిశల్లో పగులు ఎగుడుదిగుడుగా ఉంటుంది. పెళుసు ఖనిజం. స్ఫటికాలు ఏకనత (మోనోక్లినిక్) వ్యవస్థకు చెందుతాయి, చదునైన పలకలుగా గానీ సన్నని పొడవైన కడ్డీలుగా గానీ పెరుగుతాయి. స్ఫటికంలో ప్రతి జిర్కోనియం పరమాణువు చుట్టూ ఏడు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. జిర్కాన్‌లో ఆ సంఖ్య ఎనిమిది. జంట స్ఫటికాలు ఏర్పడటం ఈ ఖనిజానికి దాదాపు అలవాటు, చాలా రేణువుల్లో సన్నని సమాంతర పొరలుగా కనిపిస్తాయి.

జిర్కాన్‌కూ, బాడెలియైట్‌కూ తేడా ఎలా తెలుసుకోవాలి?

పేర్ల వల్ల గందరగోళం సహజమే, రెండూ జిర్కోనియం ఖనిజాలే. జిర్కాన్ సిలికేటు, బాడెలియైట్ ఆక్సైడు. జిర్కాన్ కాఠిన్యం 7.5, అది క్వార్ట్‌జ్‌ను గీస్తుంది. బాడెలియైట్ క్వార్ట్‌జ్ చేత గీయించుకుంటుంది. జిర్కాన్ సాంద్రత సుమారు 4.6 నుంచి 4.7, బాడెలియైట్‌ది అంతకంటే బాగా ఎక్కువ. జిర్కాన్ చతుష్కోణీయ వ్యవస్థకు చెందుతుంది కాబట్టి, నాలుగు ముఖాల స్తంభం, దాని కొనన పిరమిడ్ ఉన్న ఆకారం కనిపిస్తే అది జిర్కానే అని చాలావరకు ధైర్యంగా అనుకోవచ్చు. బాడెలియైట్ రేణువు పలచని పలక.

ఇంకొక ముఖ్యమైన తేడా కాలంతో ముడిపడింది. యురేనియం, థోరియం ఎక్కువగా ఉన్న జిర్కాన్, వాటి వికిరణపు దెబ్బలకు కోట్ల సంవత్సరాలలో స్ఫటిక నిర్మాణం చెదిరి గాజులాంటి స్థితికి చేరుతుంది. బాడెలియైట్ ఆ దెబ్బలకు లొంగదు. అయితే దానికి వేరే బలహీనత ఉంది. రూపాంతరీకరణ సమయంలో, అంటే వేడికీ ఒత్తిడికీ రాయి మారేటప్పుడు, సిలికా ఉన్న ద్రవాలు చేరితే అంచుల నుంచి మెల్లగా జిర్కాన్‌గా మారిపోతుంది. మధ్యలో బాడెలియైట్, చుట్టూ చక్కెర పలుకుల్లాంటి జిర్కాన్ అంచు ఉన్న రేణువు కనిపిస్తే, ఆ రాయి పుట్టిన తరువాత మరోసారి కాగిందని తెలుస్తుంది.

రాతిని చేతిలో పట్టుకుని ఇది బాడెలియైట్ అని చెప్పగలమా?

చాలా సందర్భాలలో చెప్పలేము. చెప్పగలనన్న వారిని నేను కొంచెం అనుమానంగానే చూస్తాను. కార్బొనటైట్ గనుల నుంచి వచ్చిన సెంటీమీటరు స్థాయి స్ఫటికాలైతే, ఊరు తెలిస్తే, ఊహించవచ్చు. గులకలుగా దొరికితే మాత్రం కాసిటరైట్, రూటైల్, మొనజైట్, కొలంబైట్ వంటివన్నీ పోటీకి వస్తాయి.

ఒక్కొక్కటిగా తీసివేసుకుంటూ వెళ్ళడమే పద్ధతి. కాసిటరైట్ సాంద్రత 6.8 నుంచి 7.1, కాబట్టి నీటిలో తూచి చూస్తే తేడా స్పష్టమవుతుంది. పైగా దాన్ని జింకు ముక్క మీద పెట్టి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే తగరపు బూడిదరంగు పూత పడుతుంది, బాడెలియైట్‌కు అలా పడదు. రూటైల్ సాంద్రత 4.25 దగ్గర ఆగిపోతుంది. మొనజైట్ సాంద్రతలో దగ్గరగా వచ్చినా కాఠిన్యం 5 మాత్రమే, చాకు మొన దాని మీద గీత పెట్టగలదు. కొలంబైట్ చారిక ముదురు రంగులో ఉంటుంది. ఇన్ని వడపోతల తరువాత కూడా మిగిలేది అనుమానమే, నిర్ధారణ ప్రయోగశాలదే.

సూక్ష్మదర్శిని కింద, ప్రయోగశాలలో ఏ లక్షణాలు చూడాలి?

పలచని శిలాఛేదంలో, అంటే గాజు మీద అతికించి అరగదీసిన రాతి పొరలో, బాడెలియైట్ వక్రీభవన గుణకాలు 2.13 నుంచి 2.20 వరకు ఉంటాయి. అందువల్ల రేణువు చుట్టూ నల్లని అంచుతో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ద్వివక్రీభవనం, అంటే కాంతిని రెండు కిరణాలుగా చీల్చే గుణం, సుమారు 0.07, చాలా ఎక్కువ. ఖనిజం ద్వ్యక్ష ఋణాత్మకం, దాని రెండు దృగక్షాల (కాంతి చీలకుండా సాగే దిశల) మధ్య కోణం 30 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ధ్రువిత కాంతిలో తిప్పుతుంటే పసుపు, నూనె ఆకుపచ్చ, ఎర్రటి గోధుమల మధ్య రంగు మారవచ్చు. జంట పొరలు, వాలుగా వచ్చే విలోపం (తిప్పేటప్పుడు రేణువు చీకటవడం) తోడైతే రూటైల్, కాసిటరైట్ రెండూ తొలగిపోతాయి, ఎందుకంటే ఆ రెండూ ఒకే దృగక్షం ఉన్న ఏకాక్ష ఖనిజాలు.

వినడానికి ఇదంతా సులభంగా ఉన్నా, డోలరైటులోని రేణువుల పొడవు మామూలుగా 20 నుంచి 100 మైక్రాన్లు, మందం అందులో కొంత భాగమే. శిలాఛేదం మందమే 30 మైక్రాన్లు కాబట్టి రేణువు చాలాసార్లు గాజుకూ రాతికీ మధ్య ఎక్కడో దాక్కుని ఉంటుంది. అందుకే నేడు ముందుగా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వెతుకుతారు. వెనక్కి చెదిరిన ఎలక్ట్రాన్ల చిత్రంలో భారమైన పరమాణువులున్న ఖనిజాలు తెల్లగా వెలుగుతాయి, ఇల్మనైట్ బూడిద రంగులో ఉండగా బాడెలియైట్ మెరుస్తూ కనిపిస్తుంది. ఆ మెరిసే చుక్క మీద ఎక్స్‌కిరణ విశ్లేషణ చేస్తే జిర్కోనియం ఉండి సిలికాన్ లేకపోవడం బయటపడుతుంది. లేజర్ కాంతి చెదిరే తీరును చూపే రామన్ వర్ణపటంలో 178, 190 తరంగసంఖ్యల దగ్గర జంట శిఖరం, 476 దగ్గర బలమైన శిఖరం ఏకనత జిర్కోనియాకు గుర్తు. పొడి నమూనా సరిపడా ఉంటే ఎక్స్‌కిరణ వివర్తనంలో 3.16, 2.84 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర అత్యంత బలమైన రేఖలు వస్తాయి. అన్నీ చేయనక్కరలేదు, రామన్ ఒక్కటి సరిగా వచ్చినా సందేహం తీరుతుంది.

ప్రపంచంలో ఎక్కడెక్కడ దొరుకుతుంది?

అల్పంగా చాలా చోట్ల, గనిగా తవ్వుకోగలిగినంత మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని చోట్ల. దక్షిణాఫ్రికాలోని ఫలబోర్వాలో 206 కోట్ల సంవత్సరాల నాటి కార్బొనటైట్ సముదాయం ఉంది. అక్కడ ప్రధానంగా రాగి కోసం తవ్వుతూ, మిగిలిన పొడి నుంచి బాడెలియైట్‌ను ఉప ఉత్పత్తిగా తీసేవారు. బహిరంగ గని పని ముగిశాక ఆ ఉత్పత్తి కూడా ఆగిపోయింది. ఖనిజ సేకర్తల దగ్గర కనిపించే మంచి స్ఫటికాలలో చాలా వాటి జన్మస్థలం ఇదే. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో కోవ్దోర్ అనే చోట దాదాపు 38 కోట్ల సంవత్సరాల వయసున్న సముదాయంలో ఇనుప ఖనిజం, అపటైట్‌తో పాటు బాడెలియైట్‌ను వేరుచేస్తున్నారు, పారిశ్రామిక స్థాయిలో నేటికీ ప్రధాన వనరు అదే. బ్రెజిల్‌లోని పొసొస్ డి కాల్డస్‌లో బాడెలియైట్, జిర్కాన్ కలగలిసిన గట్టి ముద్దలు దొరుకుతాయి, వాటిని కాల్డసైట్ అంటారు.

తెలుగు నేల మీద బాడెలియైట్ ఉందా?

ఉంది, కానీ కంటికి కనిపించదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో గ్రానైటు, నైసు శిలలను చీల్చుకుంటూ కిలోమీటర్ల కొద్దీ సాగే నల్లని గట్లను చాలామంది చూసే ఉంటారు. భూమి లోపలి పగుళ్ళలోకి బసాల్టు ద్రవం చొచ్చుకువచ్చి గడ్డకట్టిన డోలరైటు డైకులు అవి. వాటిలో కొన్నింటిని కోసి, మెరుగుపెట్టి 'బ్లాక్ గ్రానైట్' పేరుతో అమ్ముతారు. శాస్త్రరీత్యా అది గ్రానైటు కానే కాదు. వంటింటి అరుగు మీద పరిచిన ఆ నల్లరాతిలో కూడా కొన్ని బాడెలియైట్ రేణువులు ఉండే అవకాశం ఉంది.

ధార్వార్ క్రేటాన్ అనే పురాతన స్థిర భూభాగంలోని ఈ డైకుల నుంచి బాడెలియైట్‌ను తీసి వయసు కట్టినప్పుడు, అవన్నీ ఒకేసారి రాలేదని తేలింది. దక్షిణ కర్ణాటక నుంచి రాయలసీమ వైపు తూర్పు–పడమరలుగా సాగే ఒక గుంపు సుమారు 237 కోట్ల సంవత్సరాల నాటిది. మహబూబ్‌నగర్–దండేలి పేరుతో పిలిచే గుంపు దాదాపు 218 కోట్ల సంవత్సరాల నాటిది. పక్కపక్కన ఒకేలా నల్లగా కనిపించే రెండు గట్ల మధ్య 19 కోట్ల సంవత్సరాల తేడా ఉండవచ్చన్నమాట.

కడప బేసిన్ సంగతి ఇంకా ఆసక్తికరం. పులివెందుల దగ్గర అవక్షేప శిలల పొరల మధ్య అడ్డంగా చొరబడిన డోలరైటు సిల్ ఉంది. 2008లో ప్రచురితమైన యురేనియం–సీసం కాలనిర్ణయంలో, అందులోని బాడెలియైట్ వయసు సుమారు 188.5 కోట్ల సంవత్సరాలని, అటూఇటూ 30 లక్షల తేడాతో, తేలింది. సిల్ చొరబడేనాటికి దాని చుట్టూ ఉన్న తాడిపత్రి పొరలు అప్పటికే ఉండాలి కదా, అంటే శిలాజాలు లేని ఆ పురాతన పొరలకు కనీస వయసు దొరికింది. దక్షిణ బస్తర్‌లోని డైకులకూ 189.1, 188.3 కోట్ల సంవత్సరాలుగా వయసు రావడంతో, బస్తర్ నుంచి కడప దాకా ఒకే మహా శిలాద్రవ సంఘటన జరిగిందన్న ఆలోచన బలపడింది.

ఇంత చిన్న రేణువు రాతి వయసును ఎలా చెబుతుంది?

బాడెలియైట్ స్ఫటికంలో జిర్కోనియం స్థానంలో యురేనియం కొంత ఇముడుతుంది, సీసం ఇమడదు. కాబట్టి పుట్టిన క్షణంలో రేణువులో సీసం దాదాపు శూన్యం, తరువాత కనిపించేదంతా యురేనియం క్షయం వల్ల వచ్చిందే. యురేనియం–238 సగం కావడానికి 446.8 కోట్ల సంవత్సరాలు, యురేనియం–235 సగం కావడానికి 70.4 కోట్ల సంవత్సరాలు పడుతుంది. వేర్వేరు వేగాలతో నడిచే ఈ రెండు గడియారాలూ ఒకే సమయాన్ని చూపిస్తే ఆ వయసును నమ్మవచ్చు.

డోలరైటులో జిర్కాన్ దొరికినా అది చుట్టుపక్కల పాత గ్రానైటు నుంచి కొట్టుకువచ్చి చేరినదా, అక్కడే పుట్టినదా అన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. బాడెలియైట్‌తో ఆ బెడద దాదాపు లేదు. గ్రానైటులో అది ఉండదు కాబట్టి అరువు వచ్చే చోటు లేదు, డైకులో ఉన్నదంటే ఆ ద్రవం చల్లబడే చివరి దశలో అక్కడే పుట్టినదే.

కష్టమంతా రేణువులను రాతి నుంచి విడదీయడంలో ఉంది. మామూలుగా బరువైన ఖనిజాలను వేరుచేసే పద్ధతుల్లో ఈ పలచని పలకలు నీటి ఉపరితల తన్యతకు తేలి, మురికినీటితో పాటు కొట్టుకుపోయేవి. స్వీడన్ శాస్త్రవేత్తలు ఉల్ఫ్ సోడర్‌లుండ్, లీఫ్ యోహాన్సన్ 2002లో ఒక సులభ పద్ధతిని ప్రచురించారు. పొడిని కొద్దికొద్దిగా, సబ్బు కలిపిన నీటితో, కదిలే విల్‌ఫ్లీ బల్ల మీద నడిపించి చివరి అంచుకు చేరిన పిడికెడు రేణువులను ఏరుకోవడం దాని సారం. మన ఊళ్ళలో చేటతో చెరిగి రాళ్ళు వేరుచేసే ఒడుపును గుర్తుచేసే ఈ పద్ధతి వల్లే, అప్పటివరకు 'వయసు తెలియని' డైకులెన్నింటికో వయసు వచ్చింది.

భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల నల్ల ఇసుకలో ఉన్నది ఇదేనా?

కాదు. ఆ ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, సిలిమనైట్, రూటైల్, మొనజైట్‌లతో పాటు ఉన్న జిర్కోనియం ఖనిజం జిర్కాన్. తూర్పు కనుమల శిలలలో సిలికాకు కొరత లేదు కాబట్టి ఇది ఊహించదగినదే. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అణు విద్యుత్తు కేంద్రాలకు తయారుచేసే జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలకు మూలమైన ముడిసరుకు కూడా తీరపు జిర్కానే. అక్కడ జిర్కాన్‌ను రసాయనికంగా ఛేదించి, న్యూట్రాన్లను విపరీతంగా మింగే హాఫ్నియాన్ని తొలగించి, శుద్ధమైన జిర్కోనియం ఆక్సైడును తయారుచేస్తారు. రసాయనికంగా ఆ తెల్లని పొడి బాడెలియైట్‌కు దగ్గరి బంధువే, కానీ మనుషులు చేసినదాన్ని ఖనిజం అనరు.

నగలలోని అమెరికన్ డైమండ్ కూడా జిర్కోనియం ఆక్సైడే కదా, అది బాడెలియైట్ అవుతుందా?

కాదు. పదార్థం ఒకటే, అమరిక వేరు. జిర్కోనియం డయాక్సైడ్ మామూలు ఉష్ణోగ్రతలో ఏకనత రూపంలో ఉంటుంది, అదే బాడెలియైట్. సుమారు 1170 డిగ్రీల సెల్సియస్ దాటితే చతుష్కోణీయ రూపానికి, 2370 డిగ్రీల దగ్గర ఘనాకార (క్యూబిక్) రూపానికి మారుతుంది, 2700 డిగ్రీలు దాటాక గానీ కరగదు. చల్లారేటప్పుడు మళ్ళీ ఏకనత రూపానికి రావడంలో ఘనపరిమాణం నాలుగైదు శాతం పెరిగి ముక్క పగిలిపోతుంది. అందుకే యట్రియం ఆక్సైడు గానీ కాల్షియం ఆక్సైడు గానీ కలిపి, ఘనాకార రూపాన్ని చల్లారాక కూడా నిలిపి ఉంచుతారు. నగల కొట్లలో సీజడ్ రాయి, ఏడీ రాయి అని అమ్మేది అదే. పళ్ళ వైద్యులు తొడిగే జిర్కోనియా తొడుగులో కూడా యట్రియం కలిపిన జిర్కోనియానే ఉంటుంది. బాడెలియైట్‌ను సానపట్టి నగలో పొదగడం సేకర్తల ముచ్చటే తప్ప వ్యాపారం కాదు.

చంద్రుడి మీద కూడా ఉందంటారు, నిజమా?

నిజమే. అపోలో యాత్రలు తెచ్చిన రాళ్ళలోనూ, అంగారకుడి నుంచి వచ్చిన ఉల్కలలోనూ బాడెలియైట్ ఉంది. బసాల్టు వంటి శిలలున్న చోట, సిలికా తక్కువైన చోట, అది ఏ గ్రహమైనా సరే, ఇది పుట్టగలదు. అపోలో 17 తెచ్చిన 76535 నంబరు శిలలోని ఒక బాడెలియైట్ రేణువు గురించి 2020లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఆ రేణువు ఒకప్పుడు ఘనాకార రూపంలో ఉన్న ఆనవాళ్ళను తన అంతర్నిర్మాణంలో దాచుకుంది. ఘనాకార రూపం రావాలంటే 2300 డిగ్రీలకు పైగా వేడి కావాలి, అంత వేడి మామూలు శిలాద్రవంలో ఉండదు, భారీ ఉల్కాపాతంలోనే వస్తుంది. కెనడాలోని మిస్టాస్టిన్ సరస్సు ఉల్కాబిలంలో కరిగిన గాజులోని జిర్కాన్ రేణువుల అంచులు విచ్ఛిన్నమై జిర్కోనియాగా మారినట్లు, అది కూడా 2370 డిగ్రీల వేడిని చూసినట్లు ఆధారాలు దొరికాయి.

నమూనాను ఇంట్లో ఉంచుకోవడం ప్రమాదమా? కొనేటప్పుడు ఏమి చూడాలి?

బాడెలియైట్‌లో యురేనియం, థోరియం స్వల్పంగా ఉంటాయి, ఆ కారణంగా వికిరణం కూడా స్వల్పమే. అద్దాల బీరువాలో చిన్న స్ఫటికాన్ని ఉంచుకోవడానికి భయపడనక్కరలేదు. కానీ దాన్ని పొడి చేసి పీల్చడం ఏ ఖనిజంతోనూ చేయదగిన పని కాదు. కొనేటప్పుడు రంగూ, మెరుపూ చూసి మురిసిపోకుండా, ఏ గని, ఏ శిల అని రాసి ఇమ్మని అడగండి. గ్రానైటు నుంచి లేదా పెగ్మటైటు (పెద్ద పలుకుల గ్రానైటు జాతి రాయి) నుంచి వచ్చిందని చెబితే అక్కడే అనుమానించండి. ధర ఎక్కువగా చెబితే, రామన్ పరీక్ష నివేదిక చూశాకే డబ్బు ఇవ్వండి.